బావి సంగతి రాస్తే ఊరి పేరు దొరికింది

ఈ ఉపన్యాసం ఏ సారు పేరు మీద జరుగుతున్నదో, ఆయన దగ్గర చదివినవాళ్ళు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. చరిత్ర పాఠంలో రాజుల పేర్ల కంటే ముందు ఆయన ఒకటి అడిగేవారు: ఈ సంగతి మనకెట్లా తెలిసింది? ఇవాళ నా మాటంతా ఆ ప్రశ్న మీదే.

తెల్లాపూర్ శాసనం గురించి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. బహమనీ సుల్తాను ఫిరోజ్ షా కాలంలో, 1417-18లో వేసిన తెలుగు శాసనం. ఒక విశ్వకర్మ కుటుంబం మోటబావి తవ్వించి, మామిడి తోట వేసి, ఆ సంగతి రాతి మీద చెక్కించింది. అందులో తెలుంగాణపురం అన్న పేరుంది. తెలంగాణ పేరు పాతదని చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ ఈ రాయినే సాక్ష్యానికి పిలుస్తాం.

ఆ సాక్ష్యానికి అంత బలం ఎక్కడిది? చెక్కించినవాళ్ళకు ఊరి పేరు మీద ఏ పేచీ లేదు. వాళ్ళకు కావలసింది బావి తవ్వించిన పుణ్యం, నలుగురిలో పేరు. ఊరి పేరు మాటవరసకు దొర్లింది. ఎవరూ అడగకుండా చెప్పిన మాట కాబట్టే నేను దాన్ని నమ్ముతాను. బిరుదులూ గెలుపులూ ఏకరువు పెట్టే ప్రశస్తి శాసనాల దగ్గర నాకింత ధీమా ఉండదు. వాటిని పొగడ్త కోసమే రాయించారు మరి.

రాయి చదవడం అనుకున్నంత తేలిక కాదు. ముందు బ్రష్షుతో కడిగి అక్షరాల్లో పేరుకున్న మట్టి తీస్తారు. తడి కాగితం పరిచి, అది అక్షరాల లోతుల్లోకి దిగేదాకా గట్టి బ్రష్షుతో మోదుతారు. దాని మీద సిరా అద్దిన గుడ్డముద్దతో తడతారు. కాగితం నల్లబడి అక్షరాలు తెల్లగా తేలుతాయి. చిక్కేమిటంటే, రాయి పెచ్చు ఊడిన చోట కూడా తెల్లగానే వస్తుంది. దాన్ని సున్నాగా చదివి కొత్త ఊరిని పుట్టించవచ్చు! ఆ తర్వాత శక సంవత్సరం, మాసం, తిథి, వారం ఒకదానితో ఒకటి పొసగుతాయో లేదో ఎల్.డి. స్వామికన్ను పిళ్ళై పంచాంగ పట్టికల్లో చూస్తారు. పొసగకపోతే చెక్కినవాడు తప్పి ఉండాలి, చదివినవాడైనా తప్పి ఉండాలి, లేదంటే శాసనమే దొంగది.

ఇదే ఫిరోజ్ షా గురించి చరిత్రకారుడు ఫిరిష్తా గ్రంథం ఏమంటుందో చూడండి. ముద్గల్‌లో ఒక కంసాలి కూతురు అందగత్తె అట. ఆమె కోసం విజయనగరం దేవరాయలు సేన పంపితే, సుల్తాను యుద్ధానికి దిగి, రాయల కూతుర్నే పెళ్ళాడాడట. కథ భలే రక్తి కడుతుంది. కానీ ఫిరిష్తా బిజాపూర్ కొలువులో కూర్చుని రాసింది 1600 దాటాక, అంటే రెండు వందల ఏళ్ళ తర్వాత. నేను ఆ పుస్తకాన్ని పక్కన పడేయమనను. సుల్తాను పెళ్ళి సంగతి దగ్గర అనుమానంగా చదువుతాను. ముద్గల్ లాంటి సరిహద్దు కోట కోసం రెండు రాజ్యాలు కొట్టుకునేవన్న సంగతి మాత్రం తీసుకుంటాను.

అసలు మాటే లేని ఆధారాలూ ఉన్నాయి. కొండాపూర్ ఉంది. హైటెక్ సిటీ పక్కది కాదు, సంగారెడ్డి అవతలిది. అక్కడి దిబ్బను 1940-42లో గులాం యాజ్దానీ ఆధ్వర్యంలో తవ్వితే శాతవాహనుల నాణేలు వేల సంఖ్యలో, మట్టిబొమ్మలు, పూసలు, రోమన్ చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం బయటపడ్డాయి. ఆ నాణెం చూసి రోమ్ వర్తకుడు మంజీరా దాకా నడిచొచ్చాడని రాసేస్తే తొందరపాటే. నాణెం పది చేతులు మారి కూడా రావచ్చు.

ఇక కాగితాలు. ఈ చుట్టుపక్కల భూమి ధర పెరిగాక ప్రతి ఇంట్లోనూ ఒక చరిత్రకారుడు తయారయ్యాడు. భూమి రికార్డుల్లో సేత్వార్ అంటే ఏమిటో, 1954-55 ఖాస్రా పహాణీ ఎందుకు ముఖ్యమో ఇక్కడి కుర్రాళ్ళు నాకంటే బాగా చెబుతారు. వాళ్ళు చూసేది పట్టాదారు పేరు. నేను పక్క గడులు చూస్తాను: పంట ఏమిటి, నీళ్ళు బావివా చెరువువా, దున్నుతున్నది ఎవరు. శిస్తు కోసం రాసిన కాగితం ఊరి తిండి గురించి చెప్పేస్తుంది. ఇవాళ అపార్టుమెంటు లేచిన సర్వే నంబరులో అప్పుడు జొన్న ఉందో వరి ఉందో అందులోనే తేలుతుంది.

కానీ మోటబావి తవ్విన కూలీల పేర్లు శాసనంలో లేవు. పహాణీలో కూలీకి గడే లేదు. అలాంటివాళ్ళ సంగతి మనుషుల నోటే వినాలి. 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చినప్పుడు పనికి కుదిరినవాళ్ళూ, ఆ తర్వాత పటాన్‌చెరు ఫ్యాక్టరీల మురికితో నక్కవాగు నీళ్ళు పాడవడం కళ్ళారా చూసిన రైతులూ ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. వాగు కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టుకెక్కిన కేసు కాగితాలు ఎక్కడికీ పోవు. అవి గెలవడానికి రాసినవి కాబట్టి రెండు పక్షాలవీ కలిపి చదవాలి. మనుషులు మాత్రం ఆగరు.

పిల్లలకు ఒక పని చెబుతాను. ఆ పెద్దల దగ్గరికి వెళ్ళినప్పుడు, తాతా, చరిత్ర చెప్పు అని అడగొద్దు. అట్లా అడిగితే టీవీలో విన్నదే చెబుతారు. మొదటి జీతం ఎంత, పనికి ఎట్లా పోయేవారు, వాగులో ఈత మానేసింది ఏ ఏడు, బర్రెలను నీళ్ళకు ఎటు తోలేవారు అని అడగండి. చెప్పింది చెప్పినట్టే రాసుకోండి. తేదీ వేయండి, పక్కన ఎవరున్నారో కూడా రాయండి. కొడుకు ముందు చెప్పిన మాట, కొడుకు లేనప్పుడు చెప్పిన మాట ఒకటిగా ఉండకపోవచ్చు.