తాడెక్కిన మనిషి క్షేమంగా దిగాలి



తెలంగాణ పల్లెల్లో గీత కార్మికుడికి మోకే ప్రాణాధారం. నడుమునూ చెట్టునూ కలిపి చుట్టిన ఆ మోకుపై ఒంటి బరువు ఆనినంతసేపే పట్టు ఉంటుంది. దాన్ని పైకో కిందికో జరిపే క్షణంలో పట్టు సడలుతుంది. వానకు మొద్దు తడిసిందంటే ముప్పు మరీ ఎక్కువ. దిగేవేళకు ఒళ్లు అలసి ఉంటుంది, కల్లు నిండిన లొట్టి బరువు తోడవుతుంది.

అందుకే 2024 జులై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో రాష్ట్ర ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. ఒంటికి బెల్టు, చెట్టుకు తాడు, రెండింటినీ కలిపే క్లిప్పులు. కాలు జారినా తాడు మనిషిని పట్టి ఆపుతుంది.

ఎక్కే ముందు తాడును చివరిదాకా చేత్తో తడమండి. పోగులు లేచాయా, కత్తి గాటు పడిందా చూడండి. క్లిప్పు గట్టిగా పడిందో లేదో లాగి చూడండి. దిగేటప్పుడు తొందర వద్దు. పాదాలు నేలను తాకేదాకా క్లిప్పు తీయవద్దు.

ఎవరైనా తాడుకు వేలాడుతుంటే ఆలస్యం చేయకుండా దించాలి. కిందపడితే మాత్రం లేపి కూర్చోబెట్టకండి, వెన్నెముక దెబ్బతిని ఉండవచ్చు. కదపకుండా 108కి ఫోన్ చేయండి.

అన్నలారా, కిట్టు ఇంట్లో దండేనికి వేలాడితే లాభం లేదు. రోజూ, ప్రతి చెట్టుకూ, తప్పకుండా వేసుకోండి.