నూరు కోట్ల అట్టముక్క



మొన్నటి వేసవి సెలవులలో పదేండ్ల మా మనుమడు నా మంచము చెంతకు వచ్చి, "తాతా! అమెరికాలో ఒక ఆటగాని బొమ్మకార్డు నూరు కోట్ల రూపాయలకు అమ్ముడుపోయిందంట, నిజమేనా?" అని యడిగెను. నిజమే యంటిని. వాడు వెంటనే చేయి చాచి, "అట్లయితే ఐదు వందలియ్యి తాతా. నేనూ పొట్లాలు కొంటాను. అట్లాంటిది ఒకటి పడిందంటే మనమూ కోటీశ్వరులమే" యనెను.

ముప్పదియైదు సంవత్సరములు బడిలో పాఠములు చెప్పినవాడనే గాని, ఈ ప్రశ్నకు వెంటనే ప్రత్యుత్తర మీయలేకపోతిని. రెండు దినములు గడువడిగితిని. వానికి చెప్పిన సమాధానమునే నేడు మీకును విన్నవించెదను. మా ఊరి పేరు అంగళ్లు. మదనపల్లెకు చేరువ. వస్తువునకు వెల యెట్లు వచ్చునో, ఎట్లు పోవునో, అంగడి పేరనే వెలసిన ఊరివారికి కొంత తెలిసియుండుట న్యాయమే కదా!

ముందుగా ఈ కార్డుల పుట్టుక చెప్పెదను. పందొమ్మిదవ శతాబ్ది చివర అమెరికాలో సిగరెట్లను మెత్తని కాగితపు పొట్లములలో నమ్మెడివారు. అవి నలిగిపోకుండుటకై లోపల నొక గట్టి అట్టముక్క నుంచుచుండిరి. ఉత్త అట్ట యేల, దానిపై బొమ్మ యచ్చు వేసిన కొనువారు మరల మరల వత్తురు గదా యని వర్తకులకు తోచెను. 1887 ప్రాంతమున మల్లుల బొమ్మలు, బంతియాటగాండ్ర బొమ్మలు అట్లు వెలువడెను. ఇంగ్లాండులో విల్స్ కంపెనీవారు 1896లో క్రికెట్ ఆటగాండ్ర బొమ్మలను యేబదింటి నొక వరుసగా ప్రకటించిరి. మన రంజిత్‌సింహజీ బొమ్మయు అచ్చటి సిగరెట్టు పొట్లములలో కనబడినదే. తండ్రి పొగ త్రాగును; కుమారుడు బొమ్మ దాచుకొనును. ఇదియే మొదటి కథ.

1909 మొదలు 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీవారు బేస్‌బాల్ ఆటగాండ్ర బొమ్మలను ఐదువందలకు పైగా ముద్రించిరి. కఱ్ఱతో బంతిని కొట్టి పరుగులు తీయు నా యాటలో హోనస్ వాగ్నర్ అను నతడు ఆనాటి మహావీరుడు. కాని యతని బొమ్మను మాత్రము కంపెనీవారు స్వల్పముగనే వేసి యాపివేసిరి. పిల్లలు తన బొమ్మకొఱకు పొగాకు కొనుట యతనికి సమ్మతము గాదని కొందఱు, తనకు ముట్టవలసిన సొమ్ము ముట్టకపోవుటచే నిరాకరించెనని కొందఱు చెప్పుదురు. కారణ మేదైనను, నేడు లోకములో నా బొమ్మలు అఱువదికి లోపుగనే తెలియవచ్చినవి. అందులో నొకటి 2022లో డెబ్బది రెండు లక్షల యేబది వేల డాలర్లకు అమ్ముడుపోయెను.

రెండవ కథ మిక్కీ మాంటిల్ అను నాటగానిది. 1952లో టాప్స్ అను చూయింగ్ గమ్ కంపెనీవారు బేస్‌బాల్ బొమ్మలను వేసిరి. చివరి విడత వెలువడునప్పటికి ఆట ఋతువు ముగియవచ్చినది. పిల్లల మనస్సు వేఱొక యాటపైకి పోయెను. సరకు మిగిలిపోయెను. ఏండ్ల తరబడి గిడ్డంగిలో నుంచి, సగము వెలకైనను కొనువారు లేక, 1960లో వందలకొలది పెట్టెలను పడవలో కెక్కించి అట్లాంటిక్ సముద్రములో పారవేయించితినని ఆ కార్డులను రూపొందించిన సై బర్జర్ స్వయముగా చెప్పియున్నాడు. ఆ వరుసలోని మాంటిల్ బొమ్మ యొకటి, మచ్చ పడక, మూల నలగక నిలిచినది, 1991లో యేబది వేల డాలర్లకు అమ్ముడై, 2022 ఆగస్టులో ఒక కోటి యిరువది యాఱు లక్షల డాలర్లు పలికెను. మన లెక్కలో నూరు కోట్ల రూపాయలు. మా మనుమడు విన్న కార్డు ఇదియే. 2025 ఆగస్టులో మైకేల్ జోర్డన్, కోబీ బ్రయంట్ అను నిద్దఱు బాస్కెట్‌బాల్ వీరుల సంతకములు గల కార్డు, ప్రపంచమున నది యొక్కటియే యగుటచే, దీనిని గూడ మించి ఒక కోటి యిరువది తొమ్మిది లక్షల డాలర్లు దాటిపోయెను.

శ్రోతలారా! ఈ లెక్క మన కంత వింతగా తోచనక్కఱలేదు. మా చిన్నతనమున ఈ ప్రాంతపు పల్లెలలో మగపిల్లలము పారవేసిన సిగరెట్టు పెట్టెల అట్టలను ఏరి తెచ్చి, నేలపై గిరి గీసి, అందు పేర్చి, దూరమునుండి చదునైన రాతిబిళ్లతో కొట్టి, గిరి దాటినవానిని గెలుచుకొనెడివారము. చార్మినారు పెట్టెకు విలువ తక్కువ, ఏలయన వీథి వీథినా దొరకును. పట్టణమునుండి యెవ్వరో పెద్ద ఉద్యోగి వచ్చినప్పుడు మాత్రమే దొరకు ఖరీదైన పెట్టెకు పది చార్మినార్ల విలువ. ఈ ధర మాకు ఎవరు చెప్పిరి? ఏ పుస్తకములో చదివితిమి? దుర్లభమైనదానికి వెల హెచ్చునని పిల్లలము మాకై మేమే కట్టుకొన్న లెక్క అది. అమెరికాలోని కోటీశ్వరులు ఆడుచున్నదియు ఆ గిరిలోని యాటయే. డబ్బు మాత్రము వేఱు.

అయితే దుర్లభత్వ మొక్కటియే చాలదు. మాంటిల్ కార్డులు నేటికిని వేయికి పైగా నున్నవి. వెల కట్టునప్పుడు మూడు విషయములు చూతురు. బొమ్మలోని మనుష్యుడు జనుల హృదయములో నిలిచినవాడా? అట్టివి ఎన్ని మిగిలినవి? మిగిలినది ఎట్లున్నది? ఈ మూడవదానికై ప్రత్యేక పరీక్షకులు కలరు. అంచులు, మూలలు, బొమ్మ నడుమనున్నదా ప్రక్కకు జరిగినదా అని భూతద్దముతో చూచి, ఒకటి మొదలు పది వరకు మార్కులు వేసి, గాజువంటి పెట్టెలో మూసి యిత్తురు. నూరు కోట్లు పలికిన మాంటిల్ కార్డునకు తొమ్మిదిన్నర మార్కులు. నలిగిన దైనచో అదే బొమ్మ అందులో నూఱవ వంతు వెలయు తేదు. ఈ మూటికిని తోడు, వేలంపాటలో పట్టు విడువని ఇరువురు ధనవంతులు ఎదురెదురుగా నుండవలెను. మన టమాటా మండీలో వేలము చూచినవారికి ఈ మాట విడమఱచి చెప్పనేల?

ఇంత సొమ్ము చేరినచోట మోసము చేరక మానునా? వాగ్నర్ కార్డులలో మిక్కిలి ప్రసిద్ధమైన దొకటి 1985లో యిరువదియైదు వేల డాలర్లకు ఒక వ్యాపారి చేతికి వచ్చెను. 1991లో వేయిన్ గ్రెట్స్కీ అను హాకీ వీరుడు మఱియొకనితో గలిసి దానిని నాలుగు లక్షల యేబది యొక్క వేల డాలర్లకు కొనెను. 2007లో అది యిరువది యెనిమిది లక్షలు పలికెను. మూలలు అంత పదునుగా నుండుట చూచి లోకము అబ్బురపడెను. 2013లో ఆ మొదటి వ్యాపారియే, అప్పటికి పెద్ద వేలందారుడై, అంచులను తానే కత్తిరించి తీర్చితినని న్యాయస్థానములో ఒప్పుకొనెను. నూఱేండ్లు నిలిచిన కాగితమును దొంగ చేసినది కాలము గాదు, కత్తెర.

ఇక మా మనుమడు వినవలసిన భాగము. పాత కార్డులకు వేల డాలర్లు వచ్చుచున్నవని విని 1980ల చివర అమెరికాలో ఇంటింట కొత్త కార్డులను కొని పెట్టెలలో దాచిరి. బిడ్డల చదువులకు ఇవియే పనికివచ్చునని తలచినవారును గలరు. కంపెనీలు కోట్లకొలదిగా ముద్రించినవి. ఒక్కటియు నలగలేదు, ఒక్కటియు పారవేయలేదు. ఫలిత మేమి? అందఱి యొద్ద నున్నదానిని కొనువా డెవడు? 1990ల నడుమకు వెలలు కూలిపోయెను. నేటికిని ఆ పెట్టెలు అచ్చటి యటుకలపై పడియున్నవి. 2023 జూలై, ఆగస్టులలో మదనపల్లెలో కిలో టమాటా నూరు రూపాయలు దాటినప్పుడు, మఱుసటి పంటకు అందఱును అదే నాటుదమని మన రైతులు తలచిన తలపు జ్ఞప్తికి వచ్చుచున్నదా? వెల పెరిగినదని చూచి పరుగెత్తువాడు వెలకు వెనుకనే యుండును. మాంటిల్ బొమ్మకు విలువ వచ్చుటకు కారణము, దానిని దాచవలెనని ఆనాడు ఎవ్వరును తలపకపోవుటయే.

మూసిన పొట్లము కొనుటలో మఱియొక దోషము గలదు. లోపల నేమున్నదో తెలియక డబ్బిచ్చి, రాకున్న మరల నిచ్చుట లాటరీకి చెల్లెలు. బొమ్మపై నున్న ప్రీతితో పది రూపాయలు పెట్టుట వేఱు. కోటికై ఐదు వందలు పెట్టుట వేఱు. కనుక వానికి ఐదు వందలు నే నీయలేదు.

అయితే కార్డులు దాచుటయే వ్యర్థమని చెప్పుదునా? చెప్పను. జెఫర్సన్ బర్డిక్ అను నొక సామాన్యుడు న్యూయార్కు రాష్ట్రములో నుండెను. ధనవంతుడు కాడు, కీళ్లవాతముతో వ్రేళ్లు వంకరపోయినవాడు. ఇతరులు చెత్త యని పాఱవేసిన బొమ్మకార్డులను మూడు లక్షలకు పైగా కూర్చి, వాటికి వరుసలు, సంఖ్యలు ఏర్పఱచి, పట్టిక గ్రంథము వ్రాసెను. 1947 మొదలుకొని తన సేకరణ నంతయు న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియమునకు ఉచితముగా సమర్పింపసాగి, ఆ వంకర వ్రేళ్లతోనే ఒక్కొక్కదానిని పుస్తకములలో నంటించెను. 1963 జనవరిలో పని ముగించెను, మార్చిలో కన్నుమూసెను. అందు వాగ్నర్ కార్డు సైతము గలదు. దాని వెలతో అతనికి పని లేకపోయెను.

ఇప్పుడు నా తప్పొకటి చెప్పుకొనవలెను. 1987లో మన దేశమున ప్రపంచ కప్పు క్రికెట్ పోటీలు జరిగిన దినములు. నేను క్రొత్తగా ఉపాధ్యాయుడనైతిని. బబుల్‌గమ్ పొట్లములలో వచ్చు ఆటగాండ్ర బొమ్మలు పిల్లల జేబుల నిండ నుండెడివి. ఒకనాడు నేను శబ్దమంజరి చెప్పుచుండగా వెనుక వరుసలోని యొక బాలుడు పుస్తకము మాటున బొమ్మలు చూచుకొనుచుండెను. నాకు కోపము వచ్చినది. ఆ కట్టను లాగుకొని, తరగతి యెదుటనే అన్నిటిని చింపి కిటికీలోనుండి పారవైచితిని. వాడు ఏడ్వలేదు. ఆ సంవత్సరమంతయు నాతో మాటాడలేదు. విద్యకై చేసితినని నేను తృప్తిపడితిని.

కొన్నేండ్ల క్రిందట మా ఊరి మండీలో ఒక వ్యాపారి నన్ను చూచి, కుర్చీ వేయించి, టీ తెప్పించి, "గుర్తుపట్టినారా అయ్యవారూ?" అనెను. అతడే ఆ బాలుడు. మాటలలో ఆ బొమ్మల ప్రస్తావన వచ్చెను. నేను సిగ్గుపడి, "అట్టివి ఇప్పుడును దొరకును నాయనా, వెదకి తెప్పించెదను" అంటిని. అతడు నవ్వి, "బొమ్మ దొరుకుతుంది అయ్యవారూ. ఆ కపిల్‌దేవ్ బొమ్మ మా నాయన బండి తోలుకోని మదనపల్లెకు పోయినప్పుడు నా కోసం తెచ్చిచ్చినాడు. ఆ ఏడే ఆయప్ప పోయినాడు. మా నాయన తెచ్చింది ఎక్కడ దొరుకుతుంది?" అనెను.

ఆ కార్డునకు ఏ పరీక్షకుడును ఒక్క మార్కైన వేసియుండడు. మూలలు నలిగి, నూనెచేతుల మరకలు పడియుండినది. కాని నేను చింపినదాని వెల కట్టుటకు నాకు నేటివఱకు చేత కాలేదు. ఒక్క మాట యడిగియుండిన నాకు తెలిసియుండును. అడుగలేదు.

పెద్దలారా! మీ యిండ్లలోని పిల్లల యొద్ద నిట్టి బొమ్మలున్నచో, చింపకుడు; కోపపడకుడు. కోట్లు వచ్చునని యాశయు పెట్టకుడు. ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఈ ఆటగాడెవడు, ఏ ఊరివాడు, దీనిని నీ కెవరిచ్చిరి అని యడుగుడు. కార్డు వెనుకనున్న యంకెలతో లెక్కలు చేయింపుడు. మన తెలుగు కుటుంబమున బుట్టి, 1932లో ఇంగ్లాండులోని లార్డ్స్ మైదానమున భారతదేశపు మొదటి టెస్టు జట్టునకు నాయకుడైన సి. కె. నాయుడు గారిని గూర్చి చెప్పుడు. 1996లో మన తపాలా శాఖవారు ఆయన బొమ్మతో బిళ్ల వెలువరించిరి. నేను మా మనుమనికి ఐదు వందలకు బదులు ఒక ఖాళీ పుస్తకము నిచ్చి, మా పాత ఉత్తరముల కట్టలో నుండిన ఆ తపాలా బిళ్లను మొదటి పుటపై అంటించి, క్రింద ఆయన కథ వానిచేత వ్రాయించితిని.

వాడు వ్రాసి ముగించి, "తాతా, దీనికెంతొస్తుంది?" అనియే యడిగెను. అంగళ్ల బిడ్డ కదా! "ఇప్పుడేమియు రాదు. నీవు పెద్దవాడవైన పిమ్మట, దీనిని ఎవరిచ్చిరో జ్ఞప్తియున్నచో అప్పుడు చెప్పుము" అంటిని. వానికి ఆ మాట తెలిసినదో లేదో యెఱుగను. పుస్తకమును మాత్రము తలగడ క్రింద నుంచుకొని నిద్రించుచున్నాడు.

సెలవు.