నిదానమే ప్రధానము: మోటారు సైకిలు క్లచ్చి, బ్రేకుల దోషపరీక్ష



భారతమున నలోపాఖ్యానమందు ఒక సన్నివేశము గలదు. ఋతుపర్ణ మహారాజు ఒక్క దినములో విదర్భకు చేరవలసి వచ్చినపుడు, సారథియైన బాహుకుడు సాలలోనికి బోయి బక్కచిక్కిన గుఱ్ఱములను ఏరి తెచ్చెను. రాజు సందేహించెను. బాహుకుడు వాని లక్షణములను చూపి, రథము పూన్చి, నాటి సాయంకాలమునకే విదర్భ చేర్చెను. నలుని నేర్పు పగ్గములు పట్టుటయందు మాత్రమే గాక లక్షణము నెఱుగుటయందును గలదు. నేడు పల్లెలలో గుఱ్ఱముల స్థానమున మోటారు సైకిళ్ళు వచ్చినవి. పాలక్యానులు, ఎరువుబస్తాలు, బడిపిల్లలు, ఆసుపత్రికి పోవు ముసలితల్లులు, అన్నియు, అందఱును వానిమీదనే. నడుపువారు వేలకొలది, లక్షణ మెఱిగినవారు కొలదిమంది.

నిదానమను మాటకు రెండర్థములు గలవు. తొందరపడకుండుట యొకటి, వైద్యశాస్త్రమున రోగకారణమును నిర్ణయించుట మఱియొకటి. నిదానమే ప్రధానమను సామెత రెండర్థములందును బండికి చెల్లును. లెక్క కుదరనపుడు మొత్తమును దిద్దువాడు లెక్కరి కాడు. తప్పిన పద్దును వెదకి పట్టువాడే లెక్కరి. బండి లాగుట లేదనగానే క్లచ్చి ప్లేట్లు మార్పించుట మొత్తమును దిద్దుట వంటిది.

రోగిని దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అను మూటిచే పరీక్షింపవలెనని వాగ్భటుడు అష్టాంగహృదయమున చెప్పెను. బండికి నోరు లేదు గనుక ప్రశ్న నడుపువానికే వేయవలెను. దోష మెప్పటినుండి? చల్లగా నున్నపుడా, వేడెక్కిన పిదపనా? ఇటీవల నూనె మార్చినారా?

ఇంజను శక్తిని గేర్లకు అందించుచు, పిడి నొక్కినపుడు విడదీయునది క్లచ్చి. పెక్కు బండ్లలో నూనెతో తడిసియుండు ప్లేట్లు, వానిని అదిమిపట్టు స్ప్రింగులు ఇందుండును. దీని రోగములు ముఖ్యముగా రెండు: పట్టకపోవుట, విడువకపోవుట.

పై గేరులో పోవుచు యాక్సిలరేటరు త్రిప్పినపుడు ఇంజను రొద పెరిగి వేగము పెరుగనిచో క్లచ్చి పట్టుట లేదని గ్రహింపవలెను. ఒకప్పుడు మాడువాసనయు వచ్చును. ప్లేట్లు అరుగుట, స్ప్రింగులు నీరసించుట దీనికి కారణములు కావచ్చును. కారులకై చేసిన కొన్ని నూనెలలో జారుడు పెంచు పదార్థములుండును. వానిని పోసినను ఈ దోషమే కలుగును. కాని అన్నిటికన్న ముందు చూడవలసినది పిడి వదులు. పిడికొసన 10 నుండి 20 మిల్లీమీటర్ల వదులు పెక్కు బండ్లకు విధింపబడినది; ఆయా బండి పుస్తకమున నున్న కొలతయే ప్రమాణము.

పాలు పోయు యువకు డొకడు, బండి మిట్ట యెక్కుట లేదని ప్లేట్లు మార్పించినా డనుకొనుడు. కొలది దినములకే అదే రోగము తిరుగబెట్టును. ఏలయన, వైరు బిగిసి పిడికి వదులే లేకున్నచో ప్లేట్లు ఎల్లవేళల కొంత విడివడియే యుండి క్రొత్తవియు అరిగిపోవును. తప్పిన పద్దు వైరు కొసనున్న చిన్న మరలో నున్నది. ఆ మరను త్రిప్పుటకు కాసు ఖర్చు లేదు.

పిడి పూర్తిగా నొక్కినను బండి ముందుకు ప్రాకుట, గేరు ఠక్కున పడుట, నిలిచియున్నపుడు న్యూట్రల్ దొరకకుండుట, ఇవి విడువని క్లచ్చి లక్షణములు. ఇచట వదులు మితిమీరినదా, వైరు పోగులు తెగినవా యని చూడవలెను. అవి సరిగా నున్న పిదపనే ప్లేట్లు వంకరపోయినవని శంకింపవలెను.

క్లచ్చి దోషము బండిని దారిలో నిలుపును. బ్రేకు దోషము నిలువనీయదు. కనుక మొదటిదానికి రేపటివరకు గడువీయవచ్చును గాని, రెండవదానికి ఈయరాదు.

డ్రమ్ము బ్రేకులో అర్ధచంద్రాకారపు షూలు రెండు గిన్నె లోపలి గోడకు ఒరసికొనును. తొక్కుడుకడ్డీ మునుపటికన్న క్రిందికి పోవుట అరుగుదలకు మొదటి సాక్ష్యము. పెక్కు బండ్లలో చక్రముకడ గుర్తు గీసియుండును; బ్రేకు త్రొక్కినపుడు బాణము ఆ గుర్తును చేరినచో మర బిగించుట వృథా, షూలు మార్చవలసినదే. వాగు దాటిన పిమ్మట పట్టనిచో అది నీటిదోషము. మెల్లగా పోవుచు పలుమాఱులు తేలికగా త్రొక్కిన ఆరిపోవును. కీచుమన్నదని నూనెచుక్క వేయుట ఆత్మహత్యాసదృశము. పాత షూలలో ఆస్బెస్టాసు ఉండవచ్చును గావున ఆ ధూళిని నోట ఊదక తడిగుడ్డతో తుడువవలెను.

డిస్కు బ్రేకునకు బలము ద్రవము. పిడి మెత్తగా దిగిపోవుచున్నచో లోన గాలి చేరినదని, పిడి అదరుచున్నచో బిళ్ళ వంకరపోయినదని అనుమానింపవలెను. ఆ ద్రవము గాలిలోని తేమను పీల్చును. తేమ చేరినకొలది తక్కువ వేడికే మరగును. తిరుమల వంటి కనుమదారులలో దిగునపుడు ఎడతెగక బ్రేకు పట్టినచో ద్రవము మరగి ఆవిరి పుట్టి, పిడి ఒక్కసారిగా చేతిలో వట్టిపోవును. అందుచే సాధారణముగా రెండేండ్ల కొకసారి ద్రవము మార్చవలెను. తక్కువ గేరులో దిగి ఇంజనుచేతనే వేగము నడపవలెను. 2019 ఏప్రిల్ 1 నుండి మన దేశమున 125 సి.సి. మించిన క్రొత్త బండ్లకు ఏ.బి.ఎస్. తప్పనిసరి చేయబడినది. అది చక్రము బిగిసి జారకుండ కాపాడునే గాని, అరిగిన ప్యాడ్లకు ప్రాణము పోయజాలదు.

ప్రతి ఉదయమును బండి కదలింపకముందు రెండు నిమిషములు చాలును. స్టాండు వేసి వెనుక చక్రమును చేతితో త్రిప్పుడు, పిడులు నొక్కి చూడుడు, కడ్డీ త్రొక్కి చూడుడు. వెనుక కూర్చున్నవారు వీనిని చూడజాలరు. నడుపువానిని నమ్మి కూర్చుందురు.

ప్రతి బండితోడను ఒక చిన్న పుస్తకము వచ్చును. పెక్కుమంది దానిని విప్పనైన విప్పరు. రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ గ్రంథాలయమున భారతము ప్రక్కన అట్టి పుస్తకములకును ఒక అర కేటాయించినచో, అవి చదివినవారి యిండ్లకు దీపము వేళకు అందఱును క్షేమముగా చేరుదురు.