మొదటి స్థానం అమ్మకానికి లేదు
(సంఘ సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



పింఛను, డి.ఎ. బకాయిలు, వైద్య బిల్లుల గురించి మాట్లాడుకునే ఈ వేదిక మీద వెబ్‌సైట్ల ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మనలో చాలామందిమి గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ములో కొంత భాగం పిల్లల చిన్న వ్యాపారాల్లో పెట్టినవాళ్లమే. ఆ సొమ్ము ఏ కన్నం గుండా కారిపోతుందో నా అనుభవం చెప్పడానికే ఈ నాలుగు మాటలు. నేను కంప్యూటరు నిపుణుణ్ణి కాను. ముప్పయి ఏళ్లకు పైగా రికార్డు సెక్షనులో పనిచేసినవాణ్ణి. చిత్రమేమిటంటే ఈ వ్యవహారంలో ఆ అనుభవమే అక్కరకు వచ్చింది.

మా చిన్నబ్బాయి, కోడలు మంగళగిరిలో చేనేత చీరలు, డ్రెస్ మెటీరియల్ అమ్ముతారు. 2022లో వెబ్‌సైటు పెట్టించారు. కొద్ది రోజులకే ఒక సంస్థవారు ఫోను చేసి, "గూగుల్‌లో మొదటి స్థానం మీదే, గ్యారంటీ" అన్నారు. నెలకు 12 వేల చొప్పున ఆరు నెలలు, మొత్తం 72 వేలు కట్టాం. అందులో సగం నా పింఛనులోంచి వెళ్లింది. ఆరో నెలలో నివేదిక పంపారు. మా షాపు పేరు కొడితే మేమే మొదట వస్తున్నాం. అందరం సంతోషించాం.

మా కోడలు మాత్రం, "మన పేరు తెలిసినవాళ్లు మనల్ని వెతికి పట్టుకోవడంలో గొప్పేముంది మామయ్యా? మంగళగిరి చీర కావాలని వెతికేవాళ్లకు కదా మనం కనిపించాలి!" అంది. అలా వెతికితే ఐదారు పేజీలు తిప్పినా మా జాడ లేదు. తమ పేరుకు తాము మొదట రావడం సాధారణంగా ఎవరికైనా సాధ్యమేనని అప్పుడు తెలిసింది.

తర్వాత గూగుల్‌వారి మార్గదర్శకాలు చదివాం. మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని వారే స్పష్టంగా రాశారు. డబ్బు పుచ్చుకుని మామూలు ఫలితాల్లో స్థానం పెంచరు. డబ్బు కట్టి వేయించుకునేవి ప్రకటనలు. వాటి మీద ప్రకటన అనే గుర్తు ఉంటుంది. కట్టడం ఆపితే అవీ ఆగిపోతాయి.

ఇక ఈ యంత్రాంగం పనిచేసే తీరు మన రికార్డు రూములాంటిదే. ఒక ప్రోగ్రాము వెబ్ పేజీలు తిరిగి చదువుతుంది. చదివినవాటిని ఇండెక్సు రిజిస్టరులో ఎక్కిస్తుంది. ఎవరైనా ఒక మాట అడిగితే దానికి తగిన ఫైళ్లను వరుసగా తీసి ముందు పెడుతుంది. 1998లో గూగుల్ స్థాపించిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అంతకుముందు స్టాన్‌ఫర్డ్‌లో చదువుతున్నప్పుడే ఒక పద్ధతి కనిపెట్టారు. ఒక పేజీ ఇంకొక పేజీకి లింకు ఇస్తే దాన్ని సిఫార్సుగా లెక్కవేయడం, ఆ సిఫార్సు చేసినవారి స్థాయిని కూడా చూడడం. ఈనాడు ఇంకా ఎన్నో అంశాలు చూస్తున్నారు, వాటిలో ఇదీ ఒకటి.

ఇంతమట్టుకు అర్థమయ్యాక మేమే పనిలోకి దిగాం.

మొదటిది, ఫైలు అట్ట మీద విషయం. మా సైటులో ప్రతి పేజీ శీర్షికా "హోమ్" అనే ఉంది. అట్ట మీద "ఫైలు" అని మాత్రమే రాస్తే ఏ గుమాస్తా వెతికి తీయగలడు? దాన్ని "నిజాం అంచు మంగళగిరి కాటన్ చీరలు" అని, ఆయా పేజీలో ఉన్న సరుకును బట్టి మార్చాం. పైగా ధరలు, వివరాలు అన్నీ రంగుల పోస్టర్ల లోపల బొమ్మలుగా ఉన్నాయి. అందులోని అక్షరాలను నమ్ముకోకుండా పొడవు, జాకెట్టు ముక్క, ధర అన్నీ పేజీలో మామూలు అక్షరాల్లో రాయించాం.

రెండవది, కొనేవారి మాట. మా కోడలు ఒక నెలపాటు ఫోనులో వచ్చిన ప్రశ్నలన్నీ నోటు పుస్తకంలో రాసింది. రంగు పోతుందా? మొదటిసారి ఎలా ఉతకాలి? చేతిమగ్గమో, మరమగ్గమో ఎలా గుర్తుపట్టాలి? ఒక్కొక్క ప్రశ్నకూ తనకు తెలిసిన జవాబు తన మాటల్లో రాసి, ఒక్కొక్క పేజీ పెట్టింది. ఖర్చు ఒక నోటు పుస్తకం.

మూడవది, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. ఇది పూర్తిగా ఉచితం. దగ్గరలోని షాపులు వెతికేవారికి చూపేటప్పుడు అడిగినదానికి తగి ఉందా, ఎంత దూరం, ఎంత పేరుంది అనే మూడు చూస్తామని గూగుల్ చెబుతుంది. దూరం మన చేతిలో లేదు. మిగిలినవి కొంత ఉన్నాయి. మా ఫోను నంబరు మూడు చోట్ల మూడు విధాలుగా ఉంటే సరిచేశాం. పనివేళలు, ఫోటోలు పెట్టాం. కొన్నవారిని అభిప్రాయం రాయమని అడిగాం. డిస్కౌంటు ఇచ్చి రాయించుకోవడం, బంధువుల చేత రాయించడం నిబంధనలకు విరుద్ధం. ఇంకొక సంగతి. ఈ ప్రొఫైల్‌తో పాటు ఉచితంగా ఇచ్చే చిన్న వెబ్‌సైట్లను 2024 మార్చిలో ఆపేశారు. ఎవరైనా పాత సలహా చెబితే నమ్మకండి.

నాలుగవది, సెల్‌ఫోను. గూగుల్ ఇప్పుడు ముఖ్యంగా ఫోనులో కనిపించే పేజీనే చదివి లెక్కలోకి తీసుకుంటుంది. మా ఫోటోలు మరీ బరువుగా ఉండి పేజీ తెరుచుకోవడానికే చాలాసేపు పట్టేది. వాటి సైజు తగ్గించాం. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే ఉచిత సాధనం లోపం ఎక్కడో చూపుతుంది.

ఐదవది, సిఫార్సులు. మేము డబ్బు కట్టిన సంస్థ మాకు సంబంధం లేని సైట్లలో కుప్పలుగా లింకులు వేయించింది. ఇలాంటి దొంగ సిఫార్సులను పట్టడానికే గూగుల్ 2012లో పెంగ్విన్ అనే మార్పు తెచ్చింది. మేము అటువంటివి మానేసి, మా దగ్గర సరుకు తీసుకునే బెంగళూరు బొటీక్‌వారిని వారి సైటులో మా పేరు రాయమని అడిగాం. సంతోషంగా రాశారు. నిజమైన ఒక్క సిఫార్సు చాలు.

ఆరవది, నెలవారీ తనిఖీ. సెర్చ్ కన్సోల్ అనేది కూడా ఉచితమే. ఏ మాటలు కొడితే మన పేజీ కనిపించింది, ఎందరు లోపలికి వచ్చారు, ఏ పేజీ ఇండెక్సులో ఎక్కలేదు అన్నీ అందులో ఉంటాయి. నెలకొకసారి క్యాష్ బుక్కు సరిచూసినట్టు నేనే చూస్తాను.

ఫలితానికి నాలుగు నెలల నుంచి ఏడాది పట్టవచ్చని గూగుల్‌వారే అన్నారు. మాకు ఎనిమిదో నెలలో కదలిక కనిపించింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. "మంగళగిరి చీరలు" అని కొడితే నేటికీ మేము మొదట రాము. పెద్ద షాపులే వస్తాయి. కాని కాటన్ చీర ఉతికే విధానం వెతుకుతూ మా పేజీ చదివినవారు ఫోను చేస్తున్నారు, కొంటున్నారు. చిన్న వ్యాపారానికి అది తక్కువేమీ కాదు. ఖర్చు సైటు పేరుకు, స్థలానికి ఏటా కట్టే రుసుము మాత్రమే. ఆ 72 వేలు సరుకు మీద పెట్టి ఉంటే ఒక పండగ సీజను గడిచేదని మావాడు ఇప్పటికీ అంటాడు.

డబ్బు తీసుకునేవారందరూ మోసగాళ్లని నేను అనను. సైటులో లోపం సరిచేసిన కుర్రాడికి ఒక రోజు కూలి ఇచ్చాం, న్యాయంగా పనిచేశాడు. అయితే చెక్కు రాసే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఏ మాటలకు కనిపించేలా చేస్తారు? అందుకు సరిగ్గా ఏ పని చేస్తారు? సైటు పేరు, పాస్‌వర్డులు ఎవరి పేరు మీద ఉంటాయి? ఈ మూడో ప్రశ్న మేము అడగలేదు. సైటు పేరు ఆ సంస్థ పేరు మీదే రిజిస్టరై ఉంది. దాన్ని మా పేరుకు మార్పించుకోవడానికి రెండు నెలలు తిరిగాం.

మన తరం వారికి ఫైలు సరిగ్గా పెట్టడం, లెక్క సరిగ్గా చూడడం, ఓపిక పట్టడం కొత్తగా నేర్పక్కరలేదు. పిల్లలకు మన సొమ్ముతో పాటు ఆ అలవాట్లు కూడా అందిద్దాం.