బి.ఎస్సీ. తర్వాత నల్లకోటు

కెమిస్ట్రీతో బి.ఎస్సీ. పూర్తిచేశాక మనసు లా వైపు మళ్లిందనుకోండి. చదివిందంతా వృథాయేనా? కానే కాదు. మూడేళ్ల ఎల్.ఎల్.బి.లో చేరడానికి ఏ డిగ్రీ అయినా చాలు. మార్కులు మాత్రం జనరల్ వారికి 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 ఉండాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విడివిడిగా లాసెట్ అనే ప్రవేశ పరీక్ష పెడతాయి. 90 నిమిషాలు, 120 ప్రశ్నలు. తప్పు రాసినా మార్కులు కోయరు. సగం ప్రశ్నలు న్యాయశాస్త్రం మీదే కనుక ముందుగా రాజ్యాంగం చదవడం మేలు. ఒక్క జాగ్రత్త: దూరవిద్యలో చేసిన ఎల్.ఎల్.బి.తో వకీలుగా నమోదు కాలేరు. ప్రాక్టీసు కొనసాగించాలంటే అఖిల భారత బార్ పరీక్ష కూడా పాసవ్వాలి.

ఇక ఆ కెమిస్ట్రీ సంగతి. పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయాలంటే సైన్సు, ఇంజినీరింగ్ లేదా టెక్నాలజీ డిగ్రీ ఉండి తీరాలి. లా పట్టా ఒక్కటే ఉంటే కుదరదు! మందుల కంపెనీలు ఇన్ని ఉన్న హైదరాబాద్‌లో రెండు చదువులూ తెలిసినవాళ్లకు పని దొరుకుతుందనే నా నమ్మకం. అయితే జూనియర్ వకీలుకు మొదట్లో రాబడి తక్కువే. ఆ లెక్క ఇంట్లో ముందే మాట్లాడుకోండి. చుట్టాల ప్రశ్నలకు తర్వాత జవాబు చెప్పుకోవచ్చు.