అఱకొఱ తీఱికలో బొంతకుట్టు



సూదియు దారమును చేతబట్టినవారికి ఒక వ్యసనము కలదు. చేతనున్న పని ముగియకమునుపే వేఱొక పని మొదలుపెట్టుట. రవికె సగము కుట్టియుండగా పరికిణీకి గుడ్డ కత్తిరింతురు. పరికిణీకి కుచ్చులు పెట్టుచుండగా ఎవరి యింటనో యొక ముక్కల దుప్పటి కంటబడును. అట్టిది మనమును కుట్టవలెనను కోరిక పుట్టును. ఒకనాడు పెట్టె తెఱచి చూచినచో నాలుగైదు పనులు, ఒక్కటియు తుదముట్టనివి, మడతలలో నుండి మనవంక చూచుచుండును. ఇంగ్లీషు మాటలాడు దేశములలో బొంతలు కుట్టు స్త్రీలు ఇట్టివానికి ‘యూఎఫ్ఓ’ అని ముద్దుపేరు పెట్టుకొన్నారు. ముగియని వస్తువని వారి భావము. ఆకాశమున నెగురు పళ్లెములతో దీనికి సంబంధము లేదు. పేరు పెట్టుకొని నవ్వుకొనునంత సామాన్యమైన జబ్బన్నమాట.

నేను అరకులోయలో ఒక బడిలో ఉపాధ్యాయినిని. ఉదయము మొదలు సాయంకాలము వఱకు బడి; అటుపిమ్మట వంట, పిల్లల చదువు, దిద్దవలసిన పుస్తకములు. కుట్టుపని నాకు జీవనోపాధి కాదు, వేడుక. వేడుకయే కాబట్టి దానికి దొరకునది అన్నింటికిని పోగా మిగిలిన కాలమే. అదియు ఒక్కచోట దొరకదు. ఇచ్చట పావుగంట, అచ్చట అరగంట. ఇట్టి పేలికల వంటి కాలముతో నిండు వస్తువును కుట్టుట యెట్లన్నదే నేటి నా ప్రసంగమునకు విషయము.

మా లోయ సముద్రమట్టమునకు సుమారు 3,000 అడుగుల యెత్తున నున్నది. కార్తికము వెళ్లినది మొదలు సంక్రాంతి దాటువఱకు చాల పొద్దెక్కినగాని మంచు విడువదు. చింతపల్లి వైపున లంబసింగి చలి సంగతి మీరు పత్రికలలో చదివియే యుందురు. మైదానమునందు బొంత యొక వేడుకవస్తువు కావచ్చును. ఇచ్చట నది యవసరము. సంతలో రంగురంగుల రగ్గులు చౌకగా దొరకుచున్న మాట నిజమే. అయినను రగ్గు నిద్రలో జాఱిపోవును. బొంత తన బరువుతో ఒంటి నంటిపెట్టుకొని యుండును. ముసలివారును పసిబిడ్డలును బొంతనే కోరుటకు ఇది యొక కారణమని నా తలంపు.

బొంత వెచ్చగా నుండుట గుడ్డ మహిమ కాదు, గుడ్డల నడుమ చిక్కుకొన్న గాలి మహిమ. అందుచేతనే మందపు గుడ్డ నొక్కదానిని కప్పుకొనుటకంటె పలుచని పాతగుడ్డలను ఐదాఱు పొరలుగా కుట్టి కప్పుకొనుట మేలు. పాత నూలుచీర పలుమాఱులు ఉదుకుటచే మెత్తబడినది. ఇక కుదించుకొనదు, సూదికి ఎదురాడదు. పైపొరకు కొత్తగుడ్డ వేయదలచినవారు దానిని ముందుగా నానబెట్టి, ఉదికి, ఆఱవేయవలెను. లేనిచో మొదటి ఉదుకునకే అది కుదించుకొని బొంత యంతయు ముడుతలు పడును. పాలియెస్టరు చీరలు ఈ పనికి తగవు. పొరలు ఒకదానిపై నొకటి జాఱును, చెమటను పీల్చవు. ఈ మాట చెప్పుట సులభమే. కాని యిపుడు పాత నూలుచీరలు ఏ యింటనున్నవి? మా బీరువాలో నేను నిత్యము కట్టు నూలుచీరలు నాలుగే. అవి చినిగిన పిమ్మట దేనితో బొంత కుట్టుదుమో ఆలోచింపవలసియే యున్నది.

ఇక లెక్క చూతము. అయిదున్నర మీటర్ల చీరను మూడు మడతలు వేసినచో పొడవు ఆఱు అడుగులు వచ్చును, వెడల్పు ఇంచుమించు 46 అంగుళములు. ఇట్టి చీరలు రెండు ఒకదానిపై నొకటి పఱచినచో ఆఱు పొరలు. నిలువునా అంగుళమున కొక వరుస చొప్పున కుట్టినచో 46 వరుసలు; దారపు బాట 276 అడుగులు. ఆఱు పొరలలో సూది దూర్చుచు గంటకు మూడు వరుసలకంటె నాచేత గాదు. అనగా పదునైదు గంటలకు మించిన పని. ఎవరికి పదునైదు గంటల తీఱిక కలదు? నాకు లేదు. కాని దినమునకు అరగంట కలదు. ఆ అరగంటలు ముప్పది చేరినచో బొంత ముగియును. ఒక్క మాసము!

ఈ లెక్క బొంతకు చెల్లునుగాని రవికెకు చెల్లదు. రవికె చేయి అతికించుచుండగా పొయ్యిమీద పాలు పొంగినవని లేచిపోయినచో, మఱల వచ్చి కూర్చుండునప్పటికి ఏది కుడిచేయియో ఏది యెడమచేయియో మొదటినుండి చూచుకొనవలెను. బొంత యట్లు కాదు. వరుస నడుమ సూది గ్రుచ్చి లేచిపోయి, మూడు దినములకు వచ్చినను, సూది ఉన్నచోటనే పని మనకొఱకు కాచుకొని యుండును. కావున పనులెన్ని యున్నవని లెక్కించుట వ్యర్థము. ఏ పని యెట్టి శ్రద్ధ నడుగునో చూచి వేఱుచేయవలెను. కత్తిరింపునకు పగటి వెలుతురు, చదునైన నేల, చెదరని మనస్సు కావలెను. దానికి ఆదివారపు ఉదయము దక్క వేఱు వేళ పనికిరాదు. మిషను పనికి ఒక్కపట్టున గంట కావలెను. మా కొండలలో గాలివాన వచ్చిన దినమున కరెంటు నమ్మరానిది గనుక నేను కాలితో త్రొక్కు మిషనునే యుంచుకొన్నాను. చేతికుట్టునకు ఏమియు అక్కఱలేదు. ప్రతిపనికి వేఱొక సంచి, అందులో దాని దారము, దాని సూది, తరువాత చేయవలసినదేమో వ్రాసిన కాగితపు ముక్క. ఈ కాగితమే ముఖ్యము. తలలో మోయు బరువు సగము దానిమీదికి దిగును.

మా సంతలో దర్జీలు మిషనులను వెంట తెచ్చుకొని వరుసగా కూర్చుందురు. కొండ దిగి వచ్చిన స్త్రీ గుడ్డ యిచ్చి, ఉప్పు, ఎండుచేపలు కొని తిరిగివచ్చునప్పటికి ఆమె పని సిద్ధముగా నుండును. ఆ దర్జీకి ముగియని పనులు లేవు. ఏలన గుడ్డ గల మనిషి యెదుటనే నిలిచియుండును. వేడుకకు కుట్టువారి యెదుట నిలుచువారు లేరు. చిక్కంతయు అచ్చటనే యున్నది.

తీఱిక లేని స్త్రీలు గుడ్డపని చేయుట మా కొండలకు కొత్త గాదు. గదబ స్త్రీలు పూర్వము కెరంగు అను పొద బెరడునుండి నార తీసి, వడికి, చారల బట్టను నేసుకొనెడివారు. 1909లో ప్రకటితమైన థర్‌స్టను దొరగారి దక్షిణదేశపు జాతుల గ్రంథమునందు ఆ బట్టల ప్రశంస కలదు. ఆ స్త్రీలకు పొలములేదా, కట్టెలకు అడవికి పోవుట లేదా, బిడ్డలు లేరా? ఆ పనుల సందులలోనే బెరడు బట్టయైనది.

నా విషయమునకు వత్తును. ఈ యేడు వానకాలము ముగియునప్పటికి నా పెట్టెలో నాలుగు పనులుండెను. మా అమ్మాయికి పరికిణీ, జనవరి 26వ తేదీన బడిపిల్లలు థింసా ఆడుటకై పండ్రెండు రవికెలు, మూడేండ్లుగా కుట్టుచున్న నా ముక్కల దుప్పటి, ఒక చేతిసంచి. అప్పుడు మా వీధిలోని మామ్మ యొకతె ఐదవ పనిని తెచ్చి నా యొడిలో పెట్టినది. మామ్మ చేతి బొంతలు మా వీధిలో లేని యిల్లు లేదు. ఇప్పుడామె కన్నులకు శుక్లములు కమ్మినవి. తెచ్చినది రెండేండ్ల క్రిందట గతించిన భర్త పంచెలతో మొదలిడిన బొంత. 46 వరుసలలో 19 మాత్రమే అయినవి.

“కళ్లు అవుపడ్డం లేదు పంతులమ్మా. సూదిలోకి దారం ఎక్కడం లేదు. చలి దిగకముందే కుట్టీయమ్మా” అన్నది.

కాదనుట కెట్లు నోరు వచ్చును? అయినను ఔననుటకు ముందు మిగిలిన నాలుగింటి సంగతి తేల్చవలసి వచ్చినది. రవికెలను కత్తిరించి సంతదర్జీ కిచ్చితిని. వేడుకకు కుట్టువారు కొన్ని పనులను కూలికిచ్చుట చిన్నతనమని తలంతురు, నేనట్లు తలంపను. పరికిణీ రెండాదివారములలో ముగిసినది. నా ముక్కల దుప్పటిని మూటగట్టి అటకమీద పెట్టితిని, సంక్రాంతి వఱకు దింపరాదని. చేతిసంచి లేకున్న లోకమునకు కొఱత లేదు.

ఇచ్చట అమెరికాలోని యొక బొంత జ్ఞప్తికి వచ్చుచున్నది. అలబామా రాష్ట్రమున గీస్ బెండ్ అను పల్లె కలదు. అచ్చటి నల్లజాతి స్త్రీలు బానిసలుగా నుండినవారి సంతతి. ప్రత్తిచేలలో పాటుపడి, యింటికి వచ్చి, చినిగిన పనిబట్టలతో చలికి బొంతలు కుట్టుకొనెడివారు. వారిలో మిస్సోరీ పెట్‌వే అనునామె 1942లో, భర్త గతించిన పిదప, ఆయన పొలములో తొడిగిన బట్టలను కోసి ఒక బొంత కుట్టినది. 2002లో హ్యూస్టను నగరపు చిత్రశాలలో ఆ పల్లె బొంతలను ప్రదర్శించిరి; 2006లో అమెరికా తపాలాశాఖవారు వాని బొమ్మలతో తపాలాబిళ్లలు వేసిరి. మిస్సోరీ పెట్‌వే బొంత నేడు వాషింగ్టనులోని జాతీయ చిత్రశాలలో నున్నది. మా మామ్మకు ఈ కథ చెప్పితిని. గోడకు వ్రేలాడదీసినారని వినగానే, “కప్పుకోరా?” అని యడిగినది.

మామ్మ తన వరుసలను కొలబద్దతో వేయలేదు. చూపుడువ్రేలు అడ్డముంచి, దాని వెడల్పునకు మఱల గీత. నా వరుసలు టేపుతో కొలిచినవి. కుట్టు పొడుగు సమానముగానే యున్నదనుకొన్నాను. గతవారము బొంతను ఆమె ముందు పఱచితిని. ఆమె వ్రేళ్లతో తడుముచు వచ్చి ఒకచోట ఆగి, “ఇక్కడినుంచి నీది” అన్నది. విప్పి మఱల కుట్టనా యని యడిగితిని. వలదన్నది. తన బిడ్డల బొంతలలో తన తల్లి వరుసలును ఇట్లే తెలియునట.

ఈ ప్రసంగమునకై నిన్న నేను విశాఖపట్టణమునకు రైలులో వచ్చితిని. బైలదిల్లా ఇనుపరాయిని రేవునకు చేర్చుటకై 1960 తరువాత వేసిన మార్గమది. కొండలలో 50కి మించిన సొరంగములున్నవి. సొరంగము వచ్చినపుడెల్ల పెట్టెలోని పిల్లలు కేకలు వేయుదురు. చీకటిలో పరికిణీ అంచు మడచలేముగాని, నూటికుట్టున చేయి కొంతదూరము తానే పోగలదు. జనము క్రిక్కిఱిసి యుండినను ఐదు వరుసలైనవి. ఇక మిగిలినవి పదునొకండు. ఎల్లుండి తిరుగు రైలులో మఱి యైదు వరుసలు కుట్టగలిగినచో ఆఱు మిగులును. ఆఱు వరుసలనగా రెండు గంటలు, నా తీఱిక లెక్కలో నాలుగు రాత్రులు. మార్గశిరమునకు ఇంకను తొమ్మిది దినములు గడువున్నది.