చివరి క్లిప్ బ్యాటరీ మీద పెట్టొద్దు!

ఇప్పుడు నేను ఫిల్మ్‌నగర్‌లో ఉన్నాను. అటు దైవసన్నిధానం గుడి, ఇటు రామానాయుడు స్టూడియో. పదకొండేళ్లుగా ఈ రోడ్ల మీదే షూటింగ్ యూనిట్లకి కారు నడుపుతున్నాను.

ఈరోజు టాపిక్ కారు బ్యాటరీ. ఇందులో ఏముందిలే అని స్క్రోల్ చేసేయకండి. నా ఎడమ కన్ను పక్కన ఈ మచ్చ చూశారా? అది బ్యాటరీ వల్ల వచ్చిందే.

అది మే నెల. షూటింగ్ కారు అంటే సగం రోజు ఆగే ఉంటుంది. షాట్ గ్యాప్‌లో ఫోన్ ఛార్జింగ్, పాటలు, లోపలి లైట్లు, అన్నీ ఇంజిన్ ఆఫ్‌లోనే. రాత్రి ప్యాకప్ చెప్పాక కీ తిప్పితే టిక్ టిక్ మంది, అంతే. పక్క కారు నుంచి జంపర్ కేబుల్స్ వేశాను. ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్. ఐదు నిమిషాలు ఛార్జ్ కానిచ్చాను. అయినా స్టార్ట్ కాలేదు. క్లిప్ సరిగ్గా పట్టలేదేమో అని మైనస్ క్లిప్ తీసి మళ్లీ బ్యాటరీ మీదే పెట్టాను. చిటుక్కున మెరిసింది. వెంటనే ఢామ్! బ్యాటరీ పైభాగం పగిలి యాసిడ్ మొహం మీద పడింది.

యూనిట్‌లో లైట్‌మ్యాన్ బాబాయ్ ఒకాయన ఉన్నాడు. వాటర్ క్యాన్ ఎత్తుకొచ్చి నీళ్లు పోస్తూనే ఉన్నాడు. "ఒరేయ్, కళ్లు మూయకు, తెరువు, తెరువురా!" అని ఒకటే అరుపు. ఆ నీళ్లే నీ కన్ను కాపాడాయి అన్నారు డాక్టర్ గారు.

అసలు ఎందుకు పేలింది? బ్యాటరీలో ఉండేది సల్ఫ్యూరిక్ యాసిడ్, నీళ్లు, సీసం ప్లేట్లు. ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ గ్యాస్ బయటికొస్తుంది. గాలిలో అది 4 శాతం ఉన్నా చాలు, చిన్న నిప్పురవ్వకి అంటుకుంటుంది. పైగా నేను నెలల తరబడి నీళ్లు చూడలేదు. లోపల నీళ్లు తగ్గితే గ్యాస్ నిలవడానికి అంత చోటు దొరికినట్టే. తప్పు బ్యాటరీది కాదు, నాదే.

సరే, పద్ధతి చెప్తా. రెండూ 12 వోల్టుల బ్యాటరీలే కావాలి. ముందు ఎర్ర క్లిప్ మీ బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత రెండో ఎర్రది పక్క కారు ప్లస్‌కి. నల్లది పక్క కారు మైనస్‌కి. చివరి నల్ల క్లిప్ మాత్రం మీ బ్యాటరీకి దూరంగా, ఇంజిన్ మీద పెయింట్ లేని గట్టి ఇనుప భాగానికి పెట్టండి. మెరుపు వచ్చినా గ్యాస్‌కి దూరంగా వస్తుంది. స్టార్ట్ అయ్యాక ఇదే వరస రివర్స్‌లో తీసేయాలి.

ఇంకో మాట. జూబ్లీహిల్స్ డౌన్ ఉంది కదా, తోసేస్తే స్టార్ట్ అవుతుందిలే అనుకోకండి. ఇంజిన్ ఆఫ్‌లో ఉంటే బ్రేకు, స్టీరింగు రెండూ బిగుసుకుపోతాయి. ఆటోమేటిక్ కారైతే అసలు ఆ ఆలోచనే వద్దు.

బ్యాటరీ విప్పాల్సి వస్తే ముందు మైనస్ తీయాలి, బిగించేటప్పుడు మైనస్ చివర. ఎందుకంటే కారు బాడీ అంతా మైనస్‌కే కలిసి ఉంటుంది. మైనస్ ఉండగా ప్లస్ విప్పుతుంటే, స్పానర్ బాడీకి తగిలిందా, వెల్డింగ్ లాగా మెరుపులే. ఉంగరం, కడియం, వాచ్ ముందే తీసేయండి. కళ్లద్దాలు, గ్లౌజులు వేసుకోండి. చీకట్లో లైటర్ వెలిగించొద్దు, చేతిలో ఫోన్ టార్చ్ ఉంది కదా! విప్పకముందు ఒక ఫొటో తీసుకోండి, ఏ వైరు ఎక్కడిదో గుర్తుంటుంది.

ఇక చెకింగ్. కొన్ని వందల రూపాయలకే మల్టీమీటర్ వస్తుంది. కారు కొన్ని గంటలు ఆగాక 12.6 వోల్టులు చూపిస్తే ఫుల్. 12.4 అంటే ఛార్జ్ చేయాలి. 12కి దిగిందంటే దాదాపు ఖాళీ. ఇంజిన్ నడుస్తుంటే మామూలుగా 13.8 నుంచి 14.4 మధ్య ఉంటుంది. మూతలున్న బ్యాటరీ అయితే నెలకోసారి లెవెల్ చూసి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. కుళాయి నీళ్లు వద్దు, యాసిడ్ అసలే వద్దు. సీల్డ్ బ్యాటరీని తెరవకండి. టెర్మినల్స్ మీద తెల్లటి పొడి పేరుకుంటే, కేబుల్స్ విప్పాక వంటసోడా నీళ్లతో తుడిచి, ఆరబెట్టి, బిగించాక కొంచెం వాజ్‌లైన్ రాయండి.

బ్యాటరీ ఉబ్బినా, పగిలినా, కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా ముట్టుకోవద్దు, మెకానిక్‌ని పిలవండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో ఆరెంజ్ కేబుల్స్ జోలికి అస్సలు పోవద్దు.

ఒకవేళ యాసిడ్ కంట్లో పడితే రుద్దకండి. కనురెప్పలు తెరిచి పట్టుకుని కనీసం 20 నిమిషాలు మంచినీళ్లు పోస్తూ ఉండండి, తర్వాత నేరుగా కంటి ఆసుపత్రికి. మన బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి ఉన్నది సినిమా ఆయన పేరే, తెలుసా? దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ గారి కుటుంబం స్థలం, డబ్బు ఇస్తే 1987లో మొదలైంది. అక్కడికి వెళ్లేలోపు కన్ను కాపాడాల్సింది మాత్రం నీళ్లే.

అందుకే ఇప్పుడు నా డిక్కీలో జంపర్ కేబుల్స్ పక్కనే ఐదు లీటర్ల నీళ్ల క్యాన్ ఉంటుంది. మీ డిక్కీలోనూ ఒకటి పెట్టండి. కారున్న మీ ఫ్రెండ్ ఒక్కరికైనా ఈ వీడియో పంపండి. ఉంటాను మరి, జాగ్రత్త!